మూడు భాషల మధ్య ఒక చదువు: తనకు సరిపడే పద్ధతి వెతుక్కున్న నర్సింగ్ విద్యార్థిని

ఈ కేసు 19 ఏళ్ళ అమ్మాయిది. సొంతూరు ఒడిశా గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గర. ఇంట్లో తెలుగు. పదో తరగతి దాకా ఒడియా మీడియం. ప్లస్ టూ సైన్స్ నుంచి ఇంగ్లీషు పుస్తకాలు. ఇప్పుడు బరంపురంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. అనాటమీ-ఫిజియాలజీ (శరీర నిర్మాణం, అది పనిచేసే తీరు) పేపరు తప్పింది. చదువులో ఏకాగ్రత కుదరడం లేదని వచ్చే పిల్లల్ని చూస్తుంటాను నేను. సప్లిమెంటరీకి నాలుగు నెలలు ఉండగా నా దగ్గరకి వచ్చింది. తన అనుమతితో, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో చదువుకునే మన తెలుగు పిల్లలు చాలామంది ఇదే దారిలో నడుస్తున్నారు. మూడు భాషల బరువు మోస్తూ కూడా, మార్కులు తగ్గగానే తమ బుర్రనే తప్పుపట్టుకుంటారు. వాళ్ళ తల్లిదండ్రులూ, పాఠాలు చెప్పేవాళ్ళూ ఇది చదవాలని నా కోరిక.

వచ్చినప్పుడు ఎలా ఉంది

"చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉంటాది మేడమ్. పేపరు ముందర కూచుంటే ఏటీ ఉండదు." మొదటి రోజు తన ఫిర్యాదంతా ఈ రెండు మాటలే. మిగతావన్నీ నేను అడిగితే చెప్పింది.

తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది, నాన్న చెప్పాడని. ఆ వేళ చదివింది బుర్రకెక్కుతుందని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. గదిలో నలుగురు, రాత్రి లైటు ఆరేది పదకొండున్నర దాటాకే. అంటే నిద్ర నాలుగున్నర గంటలు. పుస్తకం నిండా మూడు రంగుల హైలైటర్ గీతలు. ఫోన్లో 25 నిమిషాల టైమర్ యాప్. ఆన్‌లైన్‌లో ఏదో క్విజ్ చేసి 'నువ్వు విజువల్ లెర్నర్', అంటే చూసి నేర్చుకునే రకం, అని ఒక సీనియర్ చెప్పిందట. అప్పట్నుంచి పుస్తకం తగ్గించి యూట్యూబ్ వీడియోలు పెంచింది. చివరికి రీల్స్ చూసి తనకి ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య అయిన ఏడీహెచ్‌డీ ఉందని నిర్ణయించుకుంది. ఏదైనా మందు రాయించమని అడగడానికే వచ్చానని కాసేపటికి చెప్పింది.

కష్టపడని పిల్ల కాదు. ఎవరేం చెప్పినా చేసి చూసింది. తప్పిన పేపరు గురించి చెప్తూ ఏడ్చింది. నాన్న కిరాణా కొట్టు మీద అప్పు తెచ్చి ఫీజు కట్టాడన్న బాధే అందులో ఎక్కువ.

ముందుగా చూసినవి

ఏడీహెచ్‌డీ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. ఆడపిల్లల్లో అది గుర్తించకుండా మిగిలిపోవడం నిజంగానే జరుగుతుంది. కానీ ఆ నిర్ధారణకి ఒక పద్ధతుంది. లక్షణాలు కొన్నయినా 12 ఏళ్ళ లోపే కనబడి ఉండాలి. ఒక్క చదువు దగ్గరే కాకుండా రెండు, మూడు చోట్ల ఇబ్బంది పెడుతుండాలి. వాళ్ళమ్మతో ఫోన్లో వివరంగా మాట్లాడాను. స్కూల్ ప్రోగ్రెస్ కార్డులు తెప్పించి చూశాను. వస్తువులు పోగొట్టుకోవడం, చెప్పిన పని మధ్యలో వదిలేయడం, క్లాసులో నిలకడ లేకపోవడం వంటివి చిన్నప్పుడు లేవు. ఇప్పుడు వార్డు పోస్టింగ్‌లోనూ లేవు. ఇబ్బంది పుస్తకం దగ్గరే, అదీ గత ఏడాదిన్నరగానే. అందుకని ఆ నిర్ధారణ ఇవ్వలేదు. అవసరమైతే మళ్ళీ చూద్దామని మాత్రం చెప్పాను.

చర్మం పాలిపోయి ఉంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంది, నెలసరి ఎక్కువరోజులు ఉంటోందంది. ఫిజీషియన్ దగ్గరకి పంపాను. హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. గర్భవతులు కాని స్త్రీలలో అది 12 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. మాత్రకి దగ్గర్లో టీ తాగొద్దని డాక్టరు చెప్పారు, టీ వల్ల ఐరన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. నెలసరి సంగతి గైనకాలజిస్టు చూశారు. ఏకాగ్రత కుదరడం లేదని వచ్చే అమ్మాయిల్లో రక్తం, థైరాయిడ్, నిద్ర చూడకుండా చదువు పద్ధతుల గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. ఒంట్లో ఓపిక లేని మనిషికి టైమ్‌టేబుల్ ఇస్తే అదింకో ఓటమి అవుతుంది, అంతే.

నాలుగింటికి లేవడం ఆపమన్నాను. దీనికి తన కంటే నాన్నని ఒప్పించడం కష్టమైంది. నిద్రలోనే ఆ రోజు చదివింది జ్ఞాపకంలో కుదురుకుంటుందనీ, కూతురు ఆ కుదురుకునే వేళనే కోసేసుకుంటోందనీ వివరించాను. "పదకొండుకి పడుకుని ఆరింటికి లేస్తే చాలంటారా?" అని ఆయన రెండుసార్లు అడిగి ఒప్పుకున్నాడు. పద్ధతుల పని మొదలుపెట్టింది మాత్రలు వేసుకోవడం మొదలైన మూడు వారాల తర్వాతే.

'నువ్వే రకం' అన్న ప్రశ్న

చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు, చేసి నేర్చుకునేవాళ్ళు అని పిల్లల్ని విభజించడం టీచర్ ట్రైనింగుల్లో ఇప్పటికీ వినబడుతుంది. ఎవరి రకానికి తగ్గట్టు వాళ్ళకి చెప్తే బాగా నేర్చుకుంటారన్నది దాని వాదన. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ వాదనకి ఉన్న ఆధారాలన్నీ పరిశీలించి, స్కూళ్ళలో దాన్ని వాడేంత ఆధారం లేదని తేల్చారు. ఈ అమ్మాయికి ఆ ముద్ర వల్ల నష్టమే జరిగింది. వీడియో చూస్తుంటే చూపించేవాళ్ళకి అర్థమైంది తనకి అర్థమైనట్టు అనిపిస్తుంది. తన నోటితో ఒక్క మాట చెప్పాల్సిన పని లేకుండానే గంట గడిచిపోతుంది.

అయితే 'నా మనసుకి సరిపడే పద్ధతి' అన్నది వట్టి మాట కాదు. నా అనుభవంలో అందులో రెండు పొరలు ఉన్నాయి. కింది పొర అందరికీ ఒకటే: పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం, కొన్ని రోజుల ఎడంతో మళ్ళీ చూడటం. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ డన్లోస్కీ బృందం 2013లో పది పద్ధతుల్ని బేరీజు వేస్తే ఈ రెండే పై వరసలో నిలిచాయి. హైలైటర్ గీతలూ, మళ్ళీ మళ్ళీ చదవడమూ అడుగున మిగిలాయి. పై పొర మనిషి మనిషికీ మారుతుంది. ఏ వేళ, ఎంతసేపు, ఎక్కడ, ఏ భాషలో, ఎవరికి చెప్తూ, ఎలా మొదలుపెట్టి అన్నవి క్విజ్ చేస్తే తెలియవు. ఒక్కొక్కటీ చేసి, మర్నాడు ఎంత మిగిలిందో చూసుకుంటేనే తెలుస్తాయి.

కొలిచి చూడటం

ఒక నోటుబుక్కు పెట్టుకోమన్నాను. చదవడం ముగించాక, రేపు ఇదే వేళకి పది ప్రశ్నలడిగితే ఎన్ని చెప్పగలనో అంచనా రాసుకోవాలి. మర్నాడు పుస్తకం తెరవకముందే తెల్లకాగితం మీద జవాబులు రాసి, అసలు స్కోరు దాని పక్కన వేయాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి. ప్రశ్నలు గదిలో ఇంకో అమ్మాయి పుస్తకంలోంచి ఎంచి పెడుతుంది, ఆమెకీ అదే పేపరు ఉంది.

మొదటి వారంలోనే విషయం బయటపడింది. రంగులు గీస్తూ మూడుసార్లు చదివిన ఎముకల అధ్యాయానికి అంచనా 8, వచ్చింది 3. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది గీసి, తప్పులు దిద్దుకున్న కీళ్ళ అధ్యాయానికి అంచనా 4, వచ్చింది 6. ఆ రెండో పద్ధతి చేసిన రోజు నాకు ఫోన్ చేసి "ఇది నాకు పడట్లేదు మేడమ్, తల నొప్పి పెడతాంది, ఏటీ రావట్లేదు" అంది. మర్నాడు స్కోరు చూసి తనే నమ్మలేదు.

ఈ తేడా ఆమె ఒక్కదానిదే కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, చదివిన అయిదు నిమిషాలకి పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే మళ్ళీ చదివినవాళ్ళకి 42 శాతం మిగిలింది, చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్ళకి 56 శాతం. హాయిగా సాగిన చదువు మనకి సరిపడిందని అనుకుంటాం. అందుకే 'నీకేది నచ్చింది' అని అడగడం కంటే అంచనా పక్కన అసలు స్కోరు పెట్టడం మేలు. తన మీద తనకి నమ్మకం కుదిరింది కూడా ఆ రెండు అంకెల వల్లే. నేను చెప్పిన ధైర్యం వల్ల కాదు.

టైమర్ సంగతి త్వరగానే తేలింది. 25 నిమిషాల పొమొడోరో పద్ధతి 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి తన కోసం కట్టుకున్నది. ఆ అంకె ఆయనకి కుదిరింది. ఈ అమ్మాయికి ఫిజియాలజీలో దిగడానికే పావుగంట పడుతుంది, సరిగ్గా దారిన పడ్డాక గంట మోగి లేపేస్తుంది. ఫిజియాలజీకి టైమర్ తీసేసి 'ఒక బొమ్మ పూర్తయ్యేదాకా' అని పెట్టాం. పేర్లు బట్టీ పట్టే పనికి మాత్రం 25 కూడా ఎక్కువైంది, 15 దగ్గర స్కోరు బాగుంది.

ఏ భాషలో ఆలోచిస్తోంది

నేను ఎక్కువ పట్టించుకున్నది దీన్నే. చదివేటప్పుడు లోపల ఏ భాష నడుస్తోందని అడిగితే తడబడింది. ఎప్పుడూ గమనించలేదంది. నా ఎదురుగా కూర్చోబెట్టి, గుండెలో రక్తం నడిచే దారి పైకి చెప్పమన్నాను. ఇంగ్లీషులో మొదలుపెడితే పుస్తకంలోని వాక్యం అక్షరం పొల్లుపోకుండా వచ్చి మధ్యలో తెగిపోయింది. ఒడియాలో పదో తరగతి సైన్సు పాఠం వరకు బాగా వచ్చి ఆగింది. తెలుగులో చెప్పమంటే సిగ్గుపడింది. చదువు విషయం తెలుగులో మాట్లాడటం అలవాటే లేదు.

మొదలుపెట్టాక ఇలా సాగింది: "ఒళ్ళంతా తిరిగొచ్చిన రక్తం రైట్ ఏట్రియంలో పడతాది. అక్కడ్నుంచి కిందకి రైట్ వెంట్రికిల్. అదేమో పల్మనరీ ఆర్టరీలోకి తోసేస్తాది, ఊపిరితిత్తుల్లో గాలి పట్టించుకోడానికి. మళ్ళీ పల్మనరీ వెయిన్‌లోంచి లెఫ్ట్ ఏట్రియంకి వస్తాది..." పేర్లు ఇంగ్లీషే, వాక్యం తెలుగు. ఎక్కడా తెగలేదు. ఎడమ వెంట్రికిల్ (గుండె కింది గది) గోడ ఎందుకు మందమని అడిగితే, ఒళ్ళంతటికీ తోయాలి కదా అని వెంటనే చెప్పింది. ఈ ప్రశ్నకే అసలు పరీక్షలో ఖాళీ వదిలిందట.

ఇంకో సంగతి, అంకెలు ఎప్పుడూ ఒడియాలోనే లెక్కపెడుతుంది. నాడి చూసేటప్పుడు పెదాల మీద ఏక, దుయి, తిని, చారి. లెక్కలు మొదట నేర్చుకున్న భాష చాలామందిలో అలా నిలిచిపోతుంది. దాన్ని మార్చాల్సిన పని లేదు.

అప్పట్నుంచి రోజూ రాత్రి ఎనిమిదింటికి అమ్మకి ఫోన్ చేసి ఆ రోజు చదివింది తెలుగులో చెప్పడం పెట్టాం. అమ్మ అయిదో తరగతి చదివింది. ఆమెను ఎంచుకోవడానికి కారణం అదే: తెలిసిన మాటల్లో చెప్పకపోతే ఆమె ఊరుకోదు. మూత్రపిండాల పాఠం రోజున, కిడ్నీలు రోజుకి 180 లీటర్లు వడపోస్తాయని కూతురు చెప్తే, "అంత నీరు మనిషి వొంట్లో ఎక్కడుంటాదే?" అని అమ్మ అడిగింది. అమ్మాయి దగ్గర జవాబు లేదు. పుస్తకం తీసి చూస్తే, రక్తంలో ప్లాస్మా మూడు లీటర్ల లెక్కన ఉంటుందనీ, అదే రోజుకి దాదాపు 60 సార్లు వడపోతకి వెళ్తుందనీ అర్థమైంది. మరి బయటికి పోయేది లీటరున్నరే కదా, మిగిలిందంతా ఎటు పోయింది? అమ్మ రెండో ప్రశ్న అది. ఆ ఒక్క ప్రశ్నతో రీఅబ్సార్ప్షన్, అంటే వడపోసిందాన్ని తిరిగి రక్తంలోకి తీసుకోవడం, ఆ పాఠమంతా తెరుచుకుంది. ఏడాదిగా బట్టీ పట్టి మర్చిపోతున్న నెఫ్రాన్ (కిడ్నీలో వడపోసే చిన్న గొట్టం) బొమ్మని ఆ రాత్రి చూడకుండా గీసింది. చదువుకోని తల్లులు పిల్లల చదువులో ఏమీ చేయలేరని అనుకునేవాళ్ళకి ఆ తల్లి ప్రశ్నలు వినిపించాలనిపించింది.

కానీ ఇది సగం పనే. నెలన్నర తర్వాత కాలేజీ ఇంటర్నల్ టెస్టులో, విషయం తెలిసీ ఇంగ్లీషులో వాక్యం కట్టలేక సమయం చాలక వదిలేసింది. పరీక్ష ఏ రూపంలో ఉంటుందో సాధన కూడా చివరికి ఆ రూపంలోకి రావాలి. కాబట్టి రెండో అడుగు కలిపాం. అమ్మకి తెలుగులో చెప్పాక, అదే విషయాన్ని మర్నాడు పొద్దున చూడకుండా ఇంగ్లీషులో అయిదు చిన్న వాక్యాలుగా రాయాలి. వ్యాకరణం సంగతి తర్వాత, ముందు వాక్యం పూర్తవ్వాలి. మొదటి వారంలో ఒక జవాబుకి అరగంట పట్టింది. పరీక్ష నాటికి పది నిమిషాల లోపు వచ్చింది.

చిన్నచిన్న సర్దుబాట్లు

మెదడు నుంచి వచ్చే పన్నెండు క్రేనియల్ నరాల వరస గుర్తుపెట్టుకోవడానికి కాలేజీలో అందరూ ఒక ఇంగ్లీషు వాక్యం చెప్పుకుంటారు. తనకి ఆ వాక్యమే గుర్తుండదు. దానికి బదులు ముఖం మీద వేలు నడిపించాం: ముక్కు దగ్గర ఒకటోది, కంటిచూపుకి రెండోది, కన్ను తిప్పడానికి మూడు, నాలుగు, ఆరు, చెంప మీద అయిదు, ముఖ కవళికలకి ఏడు, చెవి ఎనిమిది, గొంతు దగ్గర తొమ్మిది, పది, భుజం ఎగరేస్తే పదకొండు, నాలుక చాపితే పన్నెండు. రేపు వార్డులో రోగిని పరీక్షించేటప్పుడూ ఇలాగే చూడాలి, అందుకే ఇది నాకు ఆ వాక్యం కంటే ఎక్కువ నచ్చింది.

పేర్లకి కార్డులు చేసుకుంది. పట్టుచీర వచ్చిన అట్టపెట్టెలో అట్టముక్కలు అడ్డం పెట్టి మూడు అరలు. వచ్చిన కార్డు ఒక అర వెనక్కి, రాని కార్డు ముందు అరలోకి. ముందు అర రోజూ, మధ్య అర మూడు రోజులకోసారి, వెనక అర వారానికోసారి. ఇలాంటి పెట్టె పద్ధతిని 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే సైన్సు రచయిత ప్రచారంలోకి తెచ్చాడు. వార్డు డ్యూటీ ఉన్న రోజుల్లో ఇంకేం చదవకపోయినా కార్డులు మాత్రం చూసేది. ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి పది రోజులు ఆగిపోయినప్పుడు, ముందు అర ఒక్కటే తీసి మొదలుపెట్టమన్నాను. పెట్టె మొత్తం ఒకేసారి ముందేసుకుంటే గుండె జారిపోతుంది.

చదవడానికి కూర్చోవడమే పెద్ద పని తనకి. ఫోన్ తీస్తే అరగంట పోయేది. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన 'ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను' అన్న పద్ధతి వాడాం. సాయంత్రం టీ గ్లాసు కడిగి పెట్టగానే ఫోన్ గదిలో ఇంకో అమ్మాయికి ఇచ్చి, తెల్లకాగితం పట్టుకుని మెస్ హాల్లో కూర్చోవాలి. మెస్ హాలెందుకంటే గదిలో మంచం కనబడుతుంది. ఎనిమిదింటికి అమ్మకి చేయడానికి ఫోన్ తిరిగి తీసుకోవాలి, మాట్లాడాక మళ్ళీ ఇచ్చేయాలి. ఈ ఇచ్చేయడం మాత్రం చివరిదాకా గొడవగానే ఉండింది. కొన్ని రోజులు జరిగేది కాదు.

పనికిరాక వదిలేసినవీ ఉన్నాయి. వాయిస్ రికార్డు చేసుకుని వినడం తనకి వీడియోల్లాగే నిద్ర తెప్పించింది. గుంపుగా చదవడంలో మాటలే ఎక్కువయ్యాయి. ఇవే పద్ధతులు ఇంకొకరికి బాగా పనిచేయడం నేను చూశాను.

ఫలితం

సప్లిమెంటరీలో 57 శాతం వచ్చింది, పాసుకి కావలసింది 50. అనాటమీలో బొమ్మలున్న ప్రశ్నలు బాగా రాసింది, ఫిజియాలజీ పెద్ద ప్రశ్నలు ఇప్పటికీ నెమ్మదే. హిమోగ్లోబిన్ 11.6కి పెరిగింది. నిద్ర ఆరున్నర, ఏడు గంటలకి వచ్చింది. రక్తం, నిద్ర, చదివే తీరు మూడూ మారాయి కాబట్టి ఈ మార్కుల్ని ఒక్క పద్ధతి ఖాతాలో వేయను. అయితే అధ్యాయం తర్వాత అధ్యాయంలో అంచనాకీ అసలు స్కోరుకీ ఎడం తగ్గుతూ వచ్చింది. చివరి నెలలో తను 7 అనుకుంటే 6 గానీ 7 గానీ వచ్చేది. ఏది వచ్చో ఏది రాదో తనకి తెలుస్తోంది. నాకు మార్కుల కంటే ఇదే ఎక్కువ సంతోషం.

ఇప్పుడు ఫార్మకాలజీ చదువుతోంది. నన్నడగకుండానే నోటుబుక్కులో కొత్త పేజీలు గీసుకుంది. మందుల పేర్లు కార్డులకి లొంగుతున్నాయనీ, అవి పనిచేసే తీరు అమ్మకి చెప్తేనే నిలుస్తోందనీ రాసుకుంది. మోతాదు లెక్కల దగ్గర మాత్రం నేను పట్టుబట్టి ఒక నియమం పెట్టాను. 250 మిల్లీగ్రాములు ఇవ్వాలి, సిరప్ 5 మిల్లీలీటర్లలో 125 ఉంది, ఎంత పోయాలి? మనసులో లెక్క ఒడియాలోనే కట్టుకోవచ్చు. కానీ 10 అన్న జవాబునీ, దాని పక్కన యూనిట్‌నీ ఇంగ్లీషులో రాసి, పైకి చదివి, పక్కనున్న సీనియర్ నర్సు చేత సరిచూపించుకున్నాకే మందు పోయాలి. వార్డులో అది తప్పకుండా చేస్తోందో లేదో వచ్చే నెల తను వచ్చినప్పుడు ముందుగా అడుగుతాను.